చైర్మన్ గారి వలయం ఆకుపచ్చగానే ఉంది

నూరేళ్ళు టెక్నాలజీస్‌లో ఎవరికీ జబ్బు చేయదు. ఇది దీవెన కాదు, సర్వీసు రూలు.

ఆ కంపెనీ అమ్మే సరుకే మణికట్టుకు కట్టుకునే బ్యాండు. నాడి, నిద్ర, నడక, ఒంటి వేడి అన్నీ కనిపెట్టి, రోగం గుమ్మం దాకా రాకముందే చెప్పేస్తుందని దాని ప్రకటన. అలాంటి బ్యాండు తయారుచేసేవాడే జ్వరం వచ్చి ముసుగుతన్ని పడుకుంటే కొనేవాడు ఏమనుకుంటాడు? మిఠాయి కొట్టువాడు పక్క కొట్లో లడ్డూ కొనుక్కు తిన్నట్టు ఉండదూ? అందుకని ఆ కంపెనీలో సిక్ లీవు ఎత్తేశారు. దాని స్థానంలో ‘స్వస్థతా సమీక్ష విరామం’ అని ఒకటి పెట్టారు. అది కావాలంటే ముందు సంపూర్ణ ఆరోగ్యంగా ఉన్నట్టు బ్యాండు చూపించాలి. తుమ్ము వచ్చినవాళ్ళు మెట్లదారిలోకి వెళ్ళి తుమ్ముకుని వచ్చేవారు. క్యాంటీన్‌లో మిరియాల చారు మానేశారు. దాని వాసన జలుబును ప్రోత్సహిస్తోందని ఎవరో నివేదిక రాశారట.

హైదరాబాదులో ఆ కంపెనీ అద్దాల మేడ కింది హాల్లో గోడంత తెర ఒకటి ఉంది. ఉద్యోగులందరి బ్యాండ్ల సంగతీ దాని మీద చిన్న చిన్న వలయాలుగా కనిపిస్తుంది. అంతా బాగుంటే ఆకుపచ్చ, కాస్త తేడా వస్తే పసుపుపచ్చ, ముదిరితే ఎరుపు. అన్నిటికన్నా పైన ఎడ్లబండి చక్రమంత వలయం కంపెనీని స్థాపించిన చైర్మన్, పోలిశెట్టి నాగభూషణం గారిది. వ్యాపార వార్తల చానెళ్ళు కూడా ఆ వలయాన్ని తెర మూలలో చూపించేవి. అది ఆకుపచ్చగా ఉన్నంతకాలం షేర్లు కొన్నవాళ్ళు సుఖంగా నిద్రపోయేవారు.

ఆయన భార్య సుభాషిణికి మాత్రం బ్యాండు లేదు. గాజులకు అడ్డం వస్తుందని కట్టుకోలేదు. భర్త ఒంట్లో బాగాలేదన్న సంగతి ఆమెకు పెసరట్టు వల్ల తెలిసింది.

ఒకరోజు పొద్దున ఆయన పెసరట్టు తిని, అల్లం పచ్చడి వదిలేశాడు. మర్నాడూ వదిలేశాడు. తణుకులో పుట్టిన మనిషి, అల్లం పచ్చడి కోసం పెసరట్టు తినే మనిషి, దాన్ని ముట్టుకోకుండా లేచేసరికి సుభాషిణి అట్లకాడ పక్కన పెట్టి వచ్చింది.

"ఏమండీ, ఒంట్లో ఎలా ఉంది?"

ఆయన మణికట్టు చూసుకుని, "బాగుంది" అన్నాడు.

"నేను అడిగింది మిమ్మల్ని. దాన్ని కాదు."

"రెండూ ఒకటే సుభా."

తర్వాత చొక్కా కాలర్లు వదులయ్యాయి. బెల్టుకు కొత్త కన్నం పడింది. కళ్ళు పచ్చబడ్డాయి. వలయం ఆకుపచ్చగానే ఉంది. డాక్టరు దగ్గరికి రమ్మంటే, బ్యాండు చెప్పనిదే తాను వెళితే కంపెనీ పరువు ఏం కావాలన్నాడు. చివరికి సుభాషిణి, "నా మోకాలు చూపించుకోవాలి, తోడు రండి" అని అబద్ధమాడి తీసుకెళ్ళింది. డాక్టరు ఆవిడ మోకాలి వంక చూడనేలేదు. ఆయన కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, స్కానింగుకి పంపాడు. క్లోమంలో గడ్డ ఉందన్నాడు. కాలేయం దాకా పాకిందన్నాడు.

"ఎన్నాళ్ళండీ?" అని అడిగింది సుభాషిణి.

"మామిడిపళ్ళు తింటారమ్మా. దసరా సంగతి చెప్పలేను."

కారెక్కాక నాగభూషణం మణికట్టు కేసి చూసుకున్నాడు. ఆ తర్వాత అడిగిన మొదటి మాట ఇది: "బ్యాండు ఎందుకు చెప్పలేదంటావు?"

"దానికి అల్లం పచ్చడి సంగతి తెలీదు కదండీ" అంది సుభాషిణి.

*

చెప్పనే లేదనుకున్న బ్యాండు ఒకనాటి మధ్యాహ్నం చెప్పింది. హాల్లో పెద్ద వలయం పసుపుపచ్చగా మారింది. చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. టీ కప్పులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే నిలబడిపోయారు. షేరు ధర మెట్ల మీంచి జారిన బిందెలా దొర్లుకుంటూ పోయింది.

సాయంత్రానికల్లా ప్రద్యుమ్న ఇంటికి వచ్చాడు. కంపెనీలో అతని ఉద్యోగం ‘చీఫ్ వెల్‌నెస్ అండ్ నేరేటివ్ ఆఫీసర్’. అంటే ఆరోగ్యమూ, దాని గురించి చెప్పే కథా రెండూ ఒకే మనిషి చేతిలో పెట్టారన్నమాట.

"మేడం, మొదటగా స్పష్టం చేస్తున్నాను. దీన్ని మేము అనారోగ్యం అనడం లేదు. సార్ ప్రస్తుతం ఆరోగ్యానికి సంబంధించిన ఒక ప్రత్యామ్నాయ ప్రయాణంలో ఉన్నారు."

"ఆయనకి క్యాన్సరు, బాబూ."

"ఆ పదానికి మా దగ్గర అనుమతి లేదు మేడం." ప్రద్యుమ్న గొంతు సవరించుకున్నాడు. "విషయాన్ని రెండుగా విడదీసి చూడాలి. సార్ బ్రాండు వేరు, సార్ బాడీ వేరు. బ్రాండు అద్భుతంగా ఉంది. బాడీయే సంస్థ విలువలకు అనుగుణంగా పనిచేయడం లేదు. కనుక బ్రాండుకు మరో బాడీని కేటాయించాలని బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది."

ఆ మరో బాడీ గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి ఉంది. అతని పేరు వడ్లకొండ శ్రీశైలం. సిద్దిపేట మనిషి. కొత్తగా తయారైన బ్యాండ్లు కట్టుకుని నడవడం, కూర్చోవడం, పడుకోవడం అతని ఉద్యోగం. అతని నాడి ఎండాకాలపు చెరువులా కదలక మెదలక ఉంటుందని టెస్టింగు విభాగంలో పేరు.

పద్ధతి చాలా సులువు. చైర్మన్ గారి బ్యాండు తీసి శ్రీశైలానికి కట్టడమే. లోకానికి కావలసింది బ్యాండు. అది ఎవరి చేతికి ఉందని లోకం ఎన్నడూ అడగలేదు.

నాగభూషణం బ్యాండు కేసి, శ్రీశైలం కేసి మార్చి మార్చి చూశాడు. "లాజికల్‌గానే ఉంది సుభా" అన్నాడు.

"మీ లాజిక్కు తగలెయ్య" అంది ఆవిడ.

అయినా ఆయన బ్యాండు తీసి ఇచ్చేశాడు. అక్కడి చర్మం తెల్లగా, కట్టు విప్పిన గాయంలా కనిపించింది. హాల్లో పెద్ద వలయం మళ్ళీ నిగనిగలాడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. బ్యాండు ఎక్కడుందో కూడా తెర మీద కనిపిస్తుంది గనుక శ్రీశైలం చైర్మన్ గారి ఇంట్లోనే ఉండాలి. చైర్మన్ గారి పరుపు కింద నిద్రను కొలిచే యంత్రం ఉంది గనుక ఆ పరుపు మీదే పడుకోవాలి.

"మేడం, నేను కింద పండుకుంట. గా మెత్తటి మంచం మీద నాకు నిద్ర వట్టదు" అన్నాడు శ్రీశైలం సిగ్గుపడుతూ.

"నిద్ర మీ సొంత విషయం కాదు శ్రీశైలం. అది కంపెనీ ఆస్తి" అన్నాడు ప్రద్యుమ్న.

మరి చైర్మన్ గారు ఎక్కడ పడుకోవాలి? వంటింటి పక్కన, ఊరగాయ జాడీలు పెట్టుకునే చిన్న గది ఖాళీగా ఉంది. సుభాషిణి జాడీలను ఒక మూలకు జరిపి అక్కడ నులక మంచం వేయించింది.

చెబితే ఎవరూ నమ్మరు గానీ, నాగభూషణం జీవితంలో అంత సుఖపడింది ఆ గదిలోనే. ఇన్నేళ్ళూ ఆ బ్యాండు కోసం ఉడకబెట్టిన కాయగూరలు తిన్నాడు, బ్యాండు కోసం నడిచాడు, బ్యాండు కోసం కోపం దిగమింగాడు. ఇప్పుడు ఆయన ఎవరూ కాదు గనుక ఏం చేసినా తెర మీద కనిపించదు. నాలుగు మెతుకులే తినేవాడు, కానీ చారులో కలుపుకుని తినేవాడు. నొప్పి వస్తే "అబ్బా" అనేవాడు. ఆ మాట ఆయన నోట విని ఎన్నేళ్ళయిందో సుభాషిణికి గుర్తులేదు. పక్కన కూర్చుని ఆవిడ బెండకాయలు తరుగుతుంటే, పోపు చిటపటలు వింటూ తణుకు కబుర్లు చెప్పేవాడు.

అవతల భోజనాల బల్ల దగ్గర శ్రీశైలం ఆవిరి మీద ఉడికిన సొరకాయ ముందు పెట్టుకుని కూర్చునేవాడు.

"అమ్మా," అన్నాడొకరోజు వంటింట్లోకి తొంగిచూసి, "గా ఆవకాయ జాడీ ఒక్కపారి మూత దీస్తరా? తినను. ఉత్తగ వాసన సూస్త."

సుభాషిణికి జాలేసి మూత తీసింది. ఆ వాసనకే నాడి లేచి గంతులేసింది. వెంటనే ప్రద్యుమ్న ఫోను. "మేడం, సార్ ఏదైనా కొత్త కంపెనీ కొంటున్నారా? మార్కెట్‌లో ఊహాగానాలు మొదలయ్యాయి."

అంతకన్నా పెద్ద చిక్కు శ్రీశైలం భార్య రజితతో వచ్చింది. మంచినీళ్ళ ట్యాంకరు రాలేదనీ, కూతురి బడి బస్సువాడు అరుస్తున్నాడనీ ఆమె ఫోను చేసినప్పుడల్లా వలయం పసుపు తిరిగేది. ఇకమీదట ఇంటి సంగతులు ఎత్తకూడదని, ఆహ్లాదకరమైన విషయాలు మాత్రమే మాట్లాడుకోవాలని ప్రద్యుమ్న ఆదేశించాడు.

శ్రీశైలం తల గోక్కున్నాడు. "గట్లయితే మొగడు పెండ్లాలకు మాట్లాడుకోనీకి ఏముంటది సార్?"

సాయంత్రం పూట శ్రీశైలం చిన్న గదిలోకి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు. నాగభూషణం రోజూ ఒకటే అడిగేవాడు.

"ఏం శ్రీశైలం, ఇవాళ నేనెలా ఉన్నాను?"

"మంచిగున్నరు సార్. పొద్దుగాల దబ్బదబ్బ నడిసిండ్రు. రాత్రి గాఢనిద్ర వోయిండ్రు."

"రోజురోజుకీ కుర్రవాణ్ణి అయిపోతున్నానన్నమాట" అని నాగభూషణం నవ్వేవాడు. నవ్వితే పొట్టలో నొప్పి వచ్చేది. అయినా మర్నాడు మళ్ళీ అడిగేవాడు.

నిజంగానే వలయం చైర్మన్ గారి జన్మలో ఎన్నడూ లేనంత ఆకుపచ్చగా మెరిసింది. ‘మృత్యువు మీద విజయం ఎలా?’ అని ఒక పత్రిక ఆయన ఫోటో ముఖచిత్రంగా వేసింది. అప్పటికి ఆయన లేచి కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవలసి వస్తోంది.

*

నొప్పి ఓర్చుకోలేని స్థితి వచ్చాక ఆసుపత్రి మాట తప్పలేదు. కానీ ఏ పేరుతో చేర్చాలి? పోలిశెట్టి నాగభూషణం గారు ఆ క్షణంలో ఇంట్లో ట్రెడ్‌మిల్లు మీద నడుస్తున్నారు. దేశమంతా చూస్తోంది. అలాంటి మనిషిని ఆసుపత్రిలో ఎలా చేర్చుకుంటారు?

"శ్రీశైలం పేరు ఖాళీగానే ఉంది కదా మేడం, ప్రస్తుతం ఎవరూ వాడటం లేదు" అన్నాడు ప్రద్యుమ్న.

ఆ పెద్దాసుపత్రి నూరేళ్ళు కంపెనీతో ఒప్పందం చేసుకుంది. చేతికి బ్యాండు ఉన్న రోగి పేరూ ఊరూ ఎవరూ అడగరు. బ్యాండే కంప్యూటరుకు చెప్పేస్తుంది, అదే చెల్లుతుంది. బ్యాండు లేనివాళ్ళకు మాత్రం ప్లాస్టిక్ పట్టీ మీద పేరు రాసి కడతారు. నర్సు నాగభూషణం చేతికి అలాంటి పట్టీ కట్టింది. దాని మీద ‘వడ్లకొండ శ్రీశైలం’ అని ఉంది.

"శ్రీశైలం గారూ, నోరు తెరవండి" అనేది నర్సు. ఆయన పలికేవాడు కాదు. "ఈయనకి వినపడదామ్మా? మీరేమవుతారు ఈయనకి?" అని సుభాషిణిని అడిగింది.

భార్యనంటే కాగితాలు ఒప్పుకోవు. అక్కడ భార్య పేరు రజిత. ప్రద్యుమ్న కలగజేసుకుని, "మేడం వీరు పనిచేసే సంస్థ యజమాని గారి సతీమణి" అన్నాడు.

"అబ్బో, ఎంత మంచి మనసండీ! మామూలు ఉద్యోగి కోసం వచ్చి పక్కన కూర్చున్నారు" అని నర్సు మెచ్చుకుంది.

ఆమె వెళ్ళాక నాగభూషణం పట్టీ కేసి చూసుకున్నాడు. ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"సుభా, నాకొక్కటి చేసిపెడతావా?"

"చెప్పండి."

"పోయేటప్పుడు మాత్రం మా నాన్న పెట్టిన పేరుతో పంపించు. అరువు పేరుతో వెళితే అక్కడ ఆయన నన్ను గుర్తుపట్టడు."

సుభాషిణి ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "మీ పేరుతోనే పంపిస్తాను" అంది. ఎలా పంపుతుందో ఆవిడకే తెలియదు.

మూడోనాడు పక్క మీదికే ఒక నోటీసు వచ్చింది. కంపెనీ మానవ వనరుల విభాగం నుంచి.

"ప్రియమైన శ్రీశైలం! మీరు కొంతకాలంగా అనారోగ్యాన్ని ఎంచుకున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఇది సంస్థ సంస్కృతికి విరుద్ధం. మీ ఎంపికను గౌరవిస్తూ మిమ్మల్ని విధుల నుంచి తొలగిస్తున్నాము. మీ భావి ఆరోగ్యానికి మా శుభాకాంక్షలు." కింద సంతకం, పోలిశెట్టి నాగభూషణం, చైర్మన్.

సుభాషిణి చదివి వినిపిస్తుంటే ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎవడే ఇంత దుర్మార్గంగా రాసింది?"

"మీరే."

"అవును, నేనే. బెంగుళూరు విమానంలో కూర్చుని రాశాను. అప్పుడు బాగానే అనిపించింది." పట్టీ మీది పేరు చూసుకుని అన్నాడు: "తిడితే తిట్టాను. నా పేరు పెట్టి తిట్టుకున్నా సరిపోయేది."

ఆ నోటీసు వెనక్కి తీసుకోమని సుభాషిణి ప్రద్యుమ్నకు ఫోను చేసింది. "అది తనంతట తానే వెళ్ళిపోతుంది మేడం. మనుషుల ప్రమేయం లేకుండా ఉండాలన్నదే సార్ కల" అన్నాడతను.

సంగతి తెలిసి శ్రీశైలం బెంబేలెత్తి ఆసుపత్రికి ఫోను చేశాడు. "నా నౌకరీ వోయిందా సార్?"

"శ్రీశైలం నౌకరీ పోయింది. నువ్విప్పుడు చైర్మన్ గారివి. నీకేం భయం?" అన్నాడు నాగభూషణం.

*

మామిడిపళ్ళు అయిపోవస్తున్న రోజుల్లో, తెల్లవారుతుండగా నాగభూషణం పోయాడు. ముందురోజు సుభాషిణి చిన్నరసం మామిడిపండు పిండి వేలితో నాలుకకు రాస్తే, "తియ్యగా ఉంది" అన్నాడు. అదే ఆఖరి మాట.

డ్యూటీ డాక్టరు వచ్చి చూసి, వడ్లకొండ శ్రీశైలం మరణించినట్టు రాసిచ్చాడు.

ప్రద్యుమ్న నల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. "మేడం, మీ బాధను సంస్థ తన బాధగా పంచుకుంటోంది. అయితే దీన్ని మేము నష్టంగా చూడటం లేదు. శరీరం అనే పరిమితి నుంచి సంపూర్ణంగా విముక్తి పొందిన తొలి చైర్మన్ సార్. రాబోయే ప్రణాళికలన్నిటిలోనూ సార్ కొనసాగుతారు."

"ఆయన పోయారు, బాబూ."

"శ్రీశైలం పోయాడు మేడం. మాకూ విచారంగానే ఉంది. కానీ అనారోగ్యాన్ని ఎంచుకున్న ఉద్యోగికి సంతాపం ప్రకటించే వీలు లేదు."

శవాగారం ముందు కిటికీలో కూర్చున్న గుమస్తా కంప్యూటరు చూసి, "శ్రీశైలం భార్య రజిత గారు సంతకం పెడితేనే శవాన్ని ఇస్తాం" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషిని తీసుకెళ్ళడానికి సుభాషిణి ఎవరో పరాయి ఆడమనిషి సంతకం కోసం బెంచీ మీద కూర్చుంది.

అంతలో వరండా దద్దరిల్లింది. రజిత వస్తోంది. ఒక చేత్తో ఫోనూ, మరో చేత్తో శ్రీశైలం చొక్కా పట్టుకుని చైర్మన్ గారి ఇంటి నుంచి లాక్కొస్తోంది.

"ఎవలు మీల ఆఫీసరు? పొద్దుగాల ఫోన్ జేసి, మీ ఆయన సచ్చిపోయిండు, ఐడీ కార్డు ఎప్పుడు వాపస్ ఇస్తరు అని అడుగుతరా? గప్పుడు గీయన రెండో ఫోన్ల నాతోని ముచ్చట వెడుతనే ఉన్నడు! పిల్ల బడికి వోకుండ ఒకటే ఏడుస్తుంది!"

"అమ్మా, మీరు ఇక్కడొక సంతకం పెడితే..." అని గుమస్తా కాగితం జరిపాడు.

"నేనెట్ల పెడత? పెట్టిన్నంటే నా మొగడు సచ్చినట్టే గద! గీడ నిలవడ్డ మనిషి ఎవలు మరి?"

"సాంకేతికంగా ఆయన మా చైర్మన్ గారు" అన్నాడు ప్రద్యుమ్న.

"నీ సాంకేతికం మన్నువడ! చైర్మనైతే నా ఇంట్ల బోళ్ళు ఎందుకు తోముతడు?"

ప్రద్యుమ్న సుభాషిణి వైపు తిరిగాడు. "మేడం, మీరైనా నచ్చజెప్పండి. ఆమె సంతకం పెడితే గంటలో అంతా సజావుగా..."

సుభాషిణి లేచి రజిత దగ్గరికి వెళ్ళింది. "పెట్టకమ్మా," అంది. "నీ పసుపుకుంకాలు నిండుగా ఉండాలి. నువ్వు పెట్టద్దు. నేను ఆయన్ని మీ ఆయన పేరుతో తీసుకెళ్ళను."

రజిత శ్రీశైలం చొక్కా వదిలేసింది. అప్పుడే ఆమెకు, తెల్లవారుజామున మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి ఎవరో అర్థమైంది.

శ్రీశైలం మాత్రం అద్దం తలుపులోంచి లోపలికి చూస్తున్నాడు. స్ట్రెచరు మీద తెల్లగుడ్డ, బయటికి వచ్చిన ఒక చెయ్యి, దాని మీద తన పేరు. అతను రోజూ మంచం పక్కన కూర్చున్నట్టే ఆ తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇగ నన్నెవలడుగుతరు అమ్మా, ఇయ్యాల నేనెట్లున్న అని?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎండాకాలపు చెరువు కట్ట తెంచుకుంది. మణికట్టు మీద బ్యాండు కుయ్‌మంది. అద్దాల మేడలో పెద్ద వలయం పసుపుపచ్చకు తిరిగింది. ప్రద్యుమ్న ఫోను మోగడం మొదలుపెట్టి మరి ఆగలేదు.

"శ్రీశైలం, ఏడుపు ఆపు! మార్కెట్ తెరిచే ఉంది! దీర్ఘంగా శ్వాస తీసుకో! పచ్చిక బయళ్ళు ఊహించుకో!"

సుభాషిణి వంగి శ్రీశైలం చెయ్యి పట్టుకుంది. "ఇటివ్వు నాయనా. ఇన్నాళ్ళూ మోశావు, చాలు" అని బ్యాండు విప్పింది.

"మేడం! అది సంస్థ ఆస్తి!"

"ఇది ఆయన చేతిది" అంది సుభాషిణి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ప్లాస్టిక్ పట్టీని కత్తెరతో కత్తిరించి, ఆ తెల్లటి మచ్చ మీద బ్యాండు మళ్ళీ కట్టింది. చెయ్యి చల్లగా ఉంది.

అద్దాల మేడలో వలయం ఒక్కసారి రెపరెపలాడింది. హాల్లో జనం ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత, ఆ గోడ పుట్టి ఎరుగనంత చిక్కటి ఆకుపచ్చ రంగు పరుచుకుంది. అందరి ఫోన్లకూ ఒకేసారి కబురు వచ్చింది. ప్రద్యుమ్న తెలియకుండానే పైకి చదివాడు.

"శభాష్ నాగభూషణం గారూ! మీలో ఒత్తిడి ఆనవాలైనా లేదు. ఇంతటి ప్రశాంతత ఇప్పటివరకు మా సభ్యుల్లో ఎవరూ సాధించలేదు."

ఫోనులోంచి హాల్లో జనం చప్పట్లు వినిపించాయి. షేరు ధర లేచి కూర్చుంది.

"పుట్టాక మొదటిసారి ఒక్క నిజం చెప్పింది" అంది సుభాషిణి, భర్త నుదుటి మీది జుట్టు సరిచేస్తూ.

కిటికీలో గుమస్తా కంప్యూటరు చూసి కళ్ళు నులుముకున్నాడు. "ఇదేమిటండీ, లోపలున్నది శ్రీశైలం కాదంటోంది. పోలిశెట్టి నాగభూషణం గారట. సంపూర్ణ ఆరోగ్యం అని వస్తోంది. ఏ జబ్బూ లేని మనిషిని శవాగారంలో పెట్టారేమిటి? మా మీద కేసు పడుతుంది! వెంటనే డిశ్చార్జి చేయాలి. ఆయన భార్య ఎవరండీ?"

"నేను" అంది సుభాషిణి. ఆ ఆసుపత్రిలో ఆ మాట అనడం ఆవిడకు అదే మొదలు.

‘పూర్తిగా కోలుకుని ఇంటికి వెళుతున్నారు’ అని రాసి ఉన్న కాగితం మీద ఆవిడ సంతకం చేసింది. శ్రీశైలం, రజిత చెరొకపక్కా పట్టి స్ట్రెచరును బండి దాకా తోశారు.

శ్మశానానికి కావలసిన కాగితం, మోకాలి వంకతో వెళ్ళి చూపించిన ఆ డాక్టరే వచ్చి రాసిచ్చాడు. ఆయన యంత్రం వంక చూడలేదు. మనిషిని చూసి రాశాడు. తణుకు నుంచి మరిది వచ్చి కుండ పట్టాడు.

"గోత్రం?" అన్నాడు పురోహితుడు.

"పైడిపాల."

"పేరు?"

మరిది నోరు తెరవకముందే సుభాషిణి అందుకుంది. "పోలిశెట్టి నాగభూషణం" అని, వినవలసినవాళ్ళు ఎంత దూరాన ఉన్నా వినపడేట్టు చెప్పింది.

నిప్పు పెట్టేముందు బ్యాండు తీసి, వెనకాలే పరిగెత్తుకొచ్చిన ప్రద్యుమ్న చేతిలో పెట్టింది.

*

ఆ బ్యాండుకు మళ్ళీ ఒక చెయ్యి కావలసి వచ్చింది. ప్రద్యుమ్న శ్రీశైలం ఇంటికి వెళ్ళి బతిమాలాడు.

"నేను సచ్చిపోయిన్న గద సార్. సచ్చినోనితోని మీకేం పని?" అని శ్రీశైలం తలుపేసుకున్నాడు. సిద్దిపేటలో బావమరిది పెట్టిన సైకిళ్ళ దుకాణంలో చేరిపోయాడు.

వేరే బాడీ దొరికేదాకా ప్రద్యుమ్నే కట్టుకోవాలని బోర్డు తీర్మానించింది. కట్టుకున్న మరుక్షణం వలయం పసుపుపచ్చ అయింది. ఎంత దీర్ఘంగా శ్వాస తీసుకున్నా, ఎన్ని పచ్చిక బయళ్ళు ఊహించుకున్నా లాభం లేకపోయింది. చైర్మన్ గారు బతికే ఉన్నారని చెప్పవలసినవాడి నాడి ఎలా ఉంటుంది? నాలుగు రోజులు గడిచేసరికి ఎర్రగా అయికూర్చుంది.

పదకొండో రోజు సుభాషిణి ఇంట్లో విస్తళ్ళు వేస్తున్నారు. శ్రీశైలం, రజిత కూతుర్ని తీసుకుని వచ్చారు. శ్రీశైలం ఆకులో సుభాషిణి స్వయంగా ఆవకాయ ముద్ద వేసింది. అతను కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. కారమో మరొకటో ఎవరూ అడగలేదు. మరిది టీవీ పెట్టాడు. అడుగున అక్షరాలు పరుగులు తీస్తున్నాయి. నూరేళ్ళు చైర్మన్ శ్రీ పోలిశెట్టి నాగభూషణం గారికి స్వల్ప అస్వస్థత, త్వరలోనే కోలుకుంటారని కంపెనీ ఆశాభావం.

"ఇగ కోలుకున్నట్టే" అంది రజిత.

సాయంత్రం అందరూ వెళ్ళాక గుమ్మంలో కొరియరు కుర్రాడు ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. సుభాషిణి అద్దాలు పెట్టుకుని చదివింది. తర్వాత దండ వేసిన ఫోటో ముందుకు వెళ్ళి నిలబడింది. అక్కడ విస్తట్లో పెసరట్టు ఉంది, గిన్నె నిండా అల్లం పచ్చడి ఉంది.

"ఏమండీ, వినండి. ‘ప్రియమైన పోలిశెట్టి నాగభూషణం! మీరు కొంతకాలంగా అనారోగ్యాన్ని ఎంచుకున్నట్టు మా దృష్టికి వచ్చింది...’ మీ ఉద్యోగం తీసేశారండీ. కింద సంతకం మీదే."

ఫోటోలో ఆయన నవ్వుతున్నాడు.

"పోనీలెండి," అంది సుభాషిణి, "ఈసారి మీ పేరు పెట్టే తిట్టారు. అక్షరం తప్పు పోలేదు."

కాగితం ఫ్యాను గాలికి లేచిపోకుండా దాని మీద అల్లం పచ్చడి గిన్నె పెట్టి, ఆవిడ దీపంలో నూనె పోయడానికి వెళ్ళింది.